కబురు అందిందా? (పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

పోయిన నెల ఇక్కడ వైఫై గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది వీడియో ఆగిపోతోందని రాశారు. మిగతా సగం కొత్త కరెంటు మీటర్ల గురించి. ఆ రెండూ నేను రోజూ కుస్తీ పట్టే విషయాలే. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఒక ల్యాబులో కూర్చుని, పంపిన కబురు అవతలికి చేరిందా లేదా, ఎప్పటికి చేరింది అన్నదే చూస్తున్నాను. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఈసారి నాలుగు ఉత్తరాలకే జవాబు ఇస్తున్నాను.

"మాది 100 ఎంబీపీఎస్ ప్లాను. అయినా మ్యాచ్ చూస్తుంటే మధ్యలో చక్రం తిరుగుతుంది. దానికితోడు పక్కింటివాళ్ల కేకలు ముందు వినపడి, ఆ సిక్సరు మాకు అర నిమిషానికి కనిపిస్తుంది. మా మామగారికి ఆట మీదే విసుగొచ్చేసింది. ఏం చేయాలి?" – ఒక గృహిణి, హొరమావు

ముందు పక్కింటి కేకల సంగతి చెప్తానమ్మా. వాళ్లది డిష్ అయి ఉంటుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి సిగ్నల్ ఎక్కి దిగడానికి పావు సెకను చాలు. బొమ్మను కుదించడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది, అంతే. మీకు నెట్‌లో వచ్చే ఆట అలా ధారగా రాదు. దాన్ని ముక్కలుగా కోసి పంపుతారు. నెట్‌లో వీడియో పంపడానికి ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్‌లోనూ, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డాష్‌లోనూ ఇదే పద్ధతి. ముక్క నిడివి రెండు నుంచి పది సెకన్ల దాకా ఉంటుంది, ఆపిల్ వాళ్లు ఆరు సెకన్లు పెట్టమంటారు. ముక్క పూర్తిగా తయారైతే గానీ సర్వరుకు ఎక్కదు. మీ టీవీలోని ప్లేయరేమో మూడు ముక్కలు చేతిలో ఉంటే గానీ ఆట మొదలుపెట్టదు. ఆరు మూళ్లు పద్దెనిమిది సెకన్లు. తయారీ, ప్రయాణం కలిపితే మీ అర నిమిషం అక్కడికక్కడే సరిపోయింది.

ఇంత ఆలస్యం ఎందుకు భరించాలి అంటారా? ముక్కలు చేయబట్టే అందరికీ పంచగలుగుతున్నారు. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో ప్రపంచకప్ ఫైనల్ జరుగుతుంటే హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అంతమందికి స్టేడియం నుంచి విడివిడిగా ధార పోయడం ఎవరి తరమూ కాదు. ఒక ముక్క మీ ప్రాంతపు సర్వరుదాకా ఒక్కసారి వస్తే, అక్కడి నుంచి వేలమందికి అదే ముక్కను పంచిపెడతారు.

రెండో లాభం మీ ఇంటికి. మన బెంగళూరులో కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధులు చాలా ఉన్నాయి కదా. అయినా కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఎందుకంటే మేడ మీద తొట్టి ఉంది. ప్లేయరు ముందుగా దాచుకునే ముక్కలు కూడా అలాంటి తొట్టే. లైను కాసేపు సన్నబడ్డా తొట్టిలో ఉన్నంతవరకు ఆట ఆగదు. తొట్టి ఎండిందంటే చక్రం తిరుగుతుంది. లైవ్‌కి దగ్గరగా చూడాలంటే తొట్టి చిన్నదైపోతుంది, చిన్న తొట్టి తొందరగా ఎండుతుంది. మీ రెండు ఇబ్బందులూ ఇక్కడే ముడిపడి ఉన్నాయి.

ఈ తొట్టి మీద జరిగిన పరిశోధన నాకు చాలా ఇష్టం. ఏ నాణ్యత ముక్క అడగాలి అన్నది ప్లేయరే తేల్చుకోవాలి. మొదట్లో అందరూ లైను వేగాన్ని అంచనా వేసి అడిగేవారు. ఆ అంచనా తరచూ తప్పేది. 2014లో స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు కలిసి, వేగం సంగతి చాలావరకు పక్కన పెట్టి, తొట్టిలో మట్టం ఎంతుందో చూసి అడగమన్నారు. మట్టం తక్కువుంటే చిన్న ముక్క, నిండుగా ఉంటే మంచి బొమ్మ. నిజమైన వీక్షకుల మీద పెట్టి చూస్తే ఆగిపోవడాలు 10 నుంచి 20 శాతం తగ్గాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసేదీ అదే. కార్పొరేషన్ వాళ్లు నీళ్లు ఎప్పుడు వదులుతారో లెక్కలు వేయరు, మేడెక్కి మూత తీసి తొట్టిలోకి చూస్తారు.

ఇక మీ చక్రం. 1080పీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు, మీకు ఇరవై రెట్లు ఉంది. కాబట్టి ప్లాను పెంచి డబ్బు తగలేయకండి. లోపం వీధిలో కంటే ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. అపార్టుమెంటులో గోడకొక రూటరు ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్లు ఆ మూడింటిలోనే ఇరుక్కుంటాయి. టీవీకి వైరు లాగించండి. కాస్త ఖర్చవుతుంది గానీ, ఒక్కసారి పెట్టే ఖర్చే. వైరు కుదరకపోతే టీవీని 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలపండి.

ఇంకొకటి గమనించండి. చక్రం తిరిగే వేళకు ఇంట్లో ఎవరి ఫోనైనా ఫోటోలు పైకి ఎక్కిస్తోందేమో చూడండి. చాలా రూటర్లు పంపాల్సిన వాటిని పారేయకుండా లోపల గుట్టగా పోస్తాయి. ఆ గుట్ట వెనక మీ మ్యాచ్ ముక్క కోసం వెళ్లే చిన్న విన్నపం కూడా వరసలో నిలబడుతుంది. దీన్ని మేము బఫర్‌బ్లోట్ అంటాం. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ దీనికి కోడెల్ అని మందు కనిపెట్టారు: వరసలో ఎంతమంది ఉన్నారని చూడొద్దు, ఒక్కొక్కరు ఎంతసేపు నిలబడ్డారో చూడండి అని. మీ రూటరు సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అన్న మాట కనిపిస్తే దాన్ని ఆన్ చేయండి.

మామగారి విసుగును మీరు తేలిగ్గా తీసుకోలేదు, అది నాకు నచ్చింది. చెన్నై ఐఐటీలో చదివిన రమేశ్ సీతారామన్, ఎస్. కృష్ణన్ కలిసి 2012లో 2.3 కోట్ల వీడియో వీక్షణల్ని పరిశీలించారు. మొదలవడానికి రెండు సెకన్లు దాటితే జనం లేచిపోవడం మొదలుపెడతారు, ఆపైన ప్రతి సెకనుకూ వెళ్లిపోయేవారు 5.8 శాతం చొప్పున పెరుగుతారు. విసుగు కొలవదగ్గ వస్తువే అని మా అందరికీ తెలిసింది అప్పుడే. ఆయనకు కేకలే బాధైతే లైవ్ క్రికెట్ వరకు డిష్ పెట్టించండి. ఆగడమే బాధైతే వైరు చాలు.

"మా అపార్టుమెంటులో స్మార్ట్ మీటర్లు పెడతామంటున్నారు. మీటర్లన్నీ బేస్‌మెంటులో ఉన్నాయి. అక్కడ ఫోను సిగ్నలే రాదు. రీడింగులు పోతే ఇష్టమొచ్చినట్టు బిల్లు వేస్తారా? ప్రీపెయిడ్‌లో రీచార్జి చేసినా కరెంటు రాకపోతే ఎవర్ని అడగాలి?" – సంఘం కార్యదర్శి, బాణసవాడి

మీ ఉత్తరం చదివి మా నాన్న గుర్తొచ్చారు సార్. ఆయన హిందూపురం దగ్గర ఒక చిన్న సబ్‌స్టేషన్లో ఆపరేటరు. గంటగంటకూ ఫీడర్ల, అంటే ఊళ్లకు కరెంటు మోసే లైన్ల, ఆంపియర్లు, వోల్టులు చూసి పెన్సిలుతో లాగ్ షీటులో రాసేవారు. రాసినవాటిని ఫోనులో పెద్ద సబ్‌స్టేషన్‌కు చదివేవారు. లైనులో బరబరమని మోత. అందుకని "నూట పన్నెండు" అని ఊరుకునేవారు కాదు, "నూట పన్నెండు, ఒకటీ ఒకటీ రెండు" అనేవారు. అవతలాయన "ఒకటీ ఒకటీ రెండు" అని తిరిగి అంటేనే నాన్న పెన్సిలుతో పక్కన చిన్న టిక్కు కొట్టేవారు. ఆ టిక్కు పడనిదే తర్వాతి అంకెకు వెళ్లేవారు కాదు. ఇంటర్నెట్‌లో కబుర్లు తప్పకుండా చేరేలా చూసే టీసీపీ అనే పద్ధతి మూలసూత్రం కూడా అదే. నేను కాలేజీలో దాన్ని చదువుకుంటున్నప్పుడు కొత్తగా నేర్చుకున్నట్టే అనిపించలేదు.

ఫోను బొత్తిగా పనిచేయని రాత్రులుండేవి. ఆ గంటకు చదివిన అంకె షీటులో ఉంటుంది గానీ టిక్కు ఉండదు. ఆయన మీటరు దగ్గరికే వెళ్లలేకపోతే, అంటే వాన ఉధృతంగా ఉండి యార్డులోకి అడుగు పెట్టలేకపోతే, ఆ గడిలో చిన్న గీత గీసేవారు. ఊహించి రాసేవారు కాదు. ఆ గడిలో సున్నా మాత్రం అసలే రాసేవారు కాదు.

నా మొదటి ఉద్యోగంలో నేను ఈ తప్పే చేశాను. మీటర్ల నుంచి వచ్చే రీడింగుల్ని బొమ్మగా చూపించే ప్రోగ్రాం రాశాను. రాని రీడింగుల చోట సున్నా నింపాను, గ్రాఫు తెగకుండా ఉంటుందని. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ బొమ్మను నాన్నకు చూపించాను. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని ఒక చోట వేలు పెట్టారు. "రాత్రి రెండింటికి ఈ ట్రాన్స్‌ఫార్మరు మీద సున్నా ఎలా అయిందమ్మా? ఊరంతా నిద్రపోయినా ట్రాన్స్‌ఫార్మరు తనకోసం కొంత తాగుతుంది కదా. సున్నా అంటే కరెంటే లేదని. లేకపోతే నువ్వు కొలవలేదని. ఏది?" నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఆ ప్రోగ్రాం మూడు నెలలుగా నడుస్తోంది. ఆ సున్నాలు చూసి ఎవరో ఎక్కడో కరెంటు పోయిందని మనుషుల్ని పంపే ఉంటారు. తిరిగి వెళ్లగానే దాన్ని మార్చాను. ఆ మూడు నెలల తప్పుడు బొమ్మల్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మీటరు లోపల మొత్తం యూనిట్ల అంకె ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది. నెట్‌వర్కు ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. మీటరు 15 నిమిషాలకో అరగంటకో ఒక లెక్క తన మెమరీలో రాసుకుంటుంది, వారాల తరబడి దాచుకుంటుంది. ఈ మధ్యలో పది రీడింగులు చేరకపోయినా పదకొండోది చేరితే, మొత్తం యూనిట్లు అందులో కలిసే ఉంటాయి. అందుకని ఏ యూనిటూ పోదు. బిల్లు మీద అనుమానం వస్తే బిల్లులోని మొత్తం అంకెనూ మీటరు తెర మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి నెల ఒకటో తారీఖున తెర ఫోటో తీయించి సంఘం గ్రూపులో పెట్టండి. పగలొక రేటు, రాత్రొక రేటు పద్ధతి వర్తించేవారికి మాత్రం గంటల వారీ లెక్క కూడా కావాలి. వాళ్లు చేరని గంటల్ని ఎలా నింపుతున్నారో లిఖితపూర్వకంగా అడగాలి. ఖాళీని ఖాళీగా చూపించే బిల్లును నమ్మొచ్చు.

రెండో ప్రశ్న ఇంతకంటే గట్టిది. రీడింగు ఆలస్యంగా పోతే నష్టం లేదు. రీచార్జి చేశాక "కరెంటు ఇవ్వు" అన్న ఆదేశం ఆలస్యంగా వస్తే మీ ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతుంది, పెద్దవాళ్లు లిఫ్టు లేక మెట్లెక్కుతారు. ఇదే మీటరు, ఇదే తీగ లేని దారి. పైకి వెళ్లే కబురుకూ కిందికి వచ్చే కబురుకూ అవసరం వేరు. దేశం మొత్తం మీద 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని 2021 జూలైలో కేంద్రం పథకం మొదలుపెట్టింది. ఇన్ని మీటర్లలో బేస్‌మెంటులో ఉన్నవాటికే కష్టం ఎక్కువ.

దారులు రెండు. ఒకటి సిమ్ కార్డు. రెండోది ఆర్ఎఫ్ మెష్, అంటే 865 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో, లైసెన్సు అక్కర్లేని బ్యాండులో మీటరు నుంచి మీటరుకు మాట చేరవేసుకుంటూ పోవడం. బావి దగ్గర బిందెలు చేతులు మారినట్టు. మీ బేస్‌మెంటులో వందో రెండొందలో మీటర్లు ఒకే గదిలో ఉంటే మెష్ బాగా నడుస్తుంది, ఒక్క మీటరుకు బయటి సిగ్నల్ అందితే చాలు. సిమ్ పద్ధతి అయితే ప్యానెల్ గది నుంచి బయటికి యాంటెన్నా వైరు లాగమని ముందే అడగండి. గోడకు రంధ్రం వేయడానికి సంఘం ఒప్పుకోవాల్సి వస్తుంది, ఆ తీర్మానం ఇప్పుడే చేసి పెట్టుకోండి.

పెట్టిన రోజునే మీ ముందు ఒక మీటరుకు ఆఫ్, ఆన్ ఆదేశాలు పంపించి చూపించమనండి. గడియారం పట్టుకుని నిలబడండి. ఒకసారి కాదు, ఇరవై సార్లు. పందొమ్మిది సార్లు అర నిమిషంలో వచ్చి, ఒకసారి గంట పట్టిందనుకోండి, మీకు ఆ ఒకటే ముఖ్యం. సగటు చెప్పి పంపించేస్తారు, సగటుకు తలూపకండి.

ఇంకో మాట. కరెంటు పోతే మీటరుకూ పోతుంది కదా, ఆ సంగతి ఎలా చెప్తుంది? చాలా మీటర్లలో చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాంట్లో మిగిలిన కాస్త ఊపిరితో "ఇక్కడ పోయింది" అని ఒక్క కబురు పంపి చల్లారుతుంది. దీన్ని ఆఖరి శ్వాస అనే అంటారు. పేట మొత్తం ఒక్కసారి పోతే వేల మీటర్లు ఒకే క్షణంలో అరుస్తాయి, ఒకదాని అరుపు ఒకదానికి అడ్డుపడుతుంది. అన్నీ చేరక్కర్లేదు, వీధికొకటి చేరితే చాలు. ఏ కొన్ని మాట్లాడాలి, ఏవి ఊరుకోవాలి అన్నది ఇప్పటికీ పని జరుగుతున్న విషయం.

"మేడ మీద సోలార్ పెట్టించాం. వైఫై పోయిన రోజు యాప్‌లో ఏమీ కనిపించడం లేదు. ఆ రోజు కరెంటు తయారు కానట్టేనా?" – ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, సర్జాపుర రోడ్డు

తయారవుతూనే ఉంటుంది మాస్టారూ. వైఫై అందుకునే డాంగిల్ పని కబురు చెప్పడమే, వండేది ఇన్వర్టరు. దాని తెర మీద ఆ రోజు యూనిట్లు చూసుకోండి.

కానీ వీధిలో కరెంటు పోతే మాత్రం, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా బ్యాటరీ లేని మీ ఇన్వర్టరు ఆగిపోతుంది. అది లోపం కాదు. లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి మీ మేడ మీది కరెంటు తగలకూడదని అలా చేశారు. అలా ఆగకుండా చేసి పెడతానని ఎవరైనా మెకానిక్ అంటే ఒప్పుకోకండి. మా నాన్నతో పనిచేసిన వాళ్లలో స్తంభం మీది నుంచి తిరిగి రానివాళ్లున్నారు.

"అక్కా, ఎం.టెక్ చేస్తున్నాను. నమ్మకమైన నెట్‌వర్కు వ్యవస్థలు, వీడియో స్ట్రీమింగు, స్మార్ట్ ఎనర్జీ అని మా ప్రొఫెసరు అంశం ఇచ్చారు. సినిమా చూడటానికీ కరెంటుకీ పొంతన ఏమిటో అర్థం కాలేదు. బెంగళూరులో ఉండి నేను ఏం చేయగలను?" – ఒక విద్యార్థి, కెంగేరి

తమ్ముడూ, నీ ప్రొఫెసరు మంచి అంశం ఇచ్చారు. పొంతన ఎక్కడుందో రేస్‌కోర్స్ రోడ్డు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తాను. అక్కడ దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ కేంద్రం ఉంది. మన రాష్ట్రాలన్నిటి కరెంటును కనిపెట్టుకుని ఉండేది అక్కడే. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నప్పుడు దక్షిణాదికి ఏమీ కాలేదు, ఎందుకంటే మనం అప్పటికి వాళ్లతో డీసీ తీగలతోనే కలిసి ఉన్నాం, వాటి మీదుగా ఒకరి లయ ఇంకొకరికి అంటదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే లయలో తిరగడం మొదలైంది. ఆ లయ, అంటే కరెంటు అటూ ఇటూ ఊగడం, సెకనుకు 50 సార్లు; దాన్ని 49.90కీ 50.05కీ మధ్య ఉండేట్టు చూడాలి. పావగడ దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు మీద మబ్బు పట్టినా, ఎక్కడో జలవిద్యుత్ కేంద్రం గేటు మూసినా అదే లయలో తెలుస్తుంది.

ఆ లయను చూడటానికి పీఎంయూ అనే పరికరం ఉంది. మన గ్వాలియర్‌లో పుట్టిన అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్ కలిసి 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో తయారుచేశారు. పాత పద్ధతిలో కొన్ని సెకన్లకొకసారి కొలత వచ్చేది. ఇది మన దేశంలో సెకనుకు 25 కొలతలు పంపుతుంది, ఒక్కొక్కదాని మీద జీపీఎస్ గడియారం నుంచి మైక్రోసెకను వరకు సరైన ముద్రతో. సెకనుకు 25. మన టీవీ బొమ్మ కూడా సెకనుకు 25 ఫ్రేములే. గ్రిడ్డును వీడియో తీస్తున్నారనుకో. కొన్ని ఫ్రేములు దారిలో పడిపోతే, కొన్ని ఆలస్యమైతే ఏం చేయాలి? వీడియోవాళ్లు ముప్పై ఏళ్లుగా తల బాదుకున్న ప్రశ్నే ఇక్కడ కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది.

ఆలస్యంగా వచ్చిన కబురు విలువెంత అని అడుగు, అంశమంతా విప్పుకుంటుంది. సినిమాకు తొట్టి ఉంది కాబట్టి పోయిన ముక్కను మళ్లీ అడగొచ్చు. వీడియో కాల్‌లో అలా కుదరదు. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తారు. అక్కడ ఆలస్యమైన ముక్క పెళ్లయ్యాక అందిన శుభలేఖే, పారేయడమే మేలు. కనుక ముందే కాస్త అదనంగా పంపుతారు. 7, 4, 9 అనే మూడు అంకెలతో పాటు వాటి మొత్తం 20 కూడా పంపావనుకో. 4 దారిలో పోయినా 20లోంచి మిగతా రెండూ తీసేస్తే దొరుకుతుంది, మళ్లీ అడగక్కర్లేదు. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో దీన్ని ఎంతో ముందుకు తీసుకెళ్లారు. మీ కాలేజీ ముందు టీ బంకులో క్యూఆర్ కాగితం మీద టీ మరకలు పడి, ఒక మూల చిరిగి ఉంటుంది చూడు. అయినా ఫోను చదివేస్తుంది. అది వాళ్ల లెక్క చలవే.

ఇక సబ్‌స్టేషన్లో బ్రేకర్ తెరవమనే, అంటే కరెంటు తెంచమనే ఆదేశం. అది మూడు మిల్లీసెకన్లలో చేరాలి. 50 హెర్ట్జ్‌లో ఒక తరంగం 20 మిల్లీసెకన్లు, అందులో ఆరో వంతు కూడా కాదు. "అందిందా?" అని అడిగి జవాబు కోసం చూస్తే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే సబ్‌స్టేషన్ పరికరాలు మాట్లాడుకోవడానికి ఉన్న ఐఈసీ 61850 ప్రమాణంలోని గూస్ సందేశం జవాబు అడగదు. చెప్పిందే మిల్లీసెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ చెప్తుంది, ఎడం పెంచుకుంటూ పోతుంది, ఏమీ జరగనప్పుడు కూడా "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంటుంది. మా నాన్న కూడా రీడింగులకు టిక్కు కోసం ఆగేవారు గానీ, తీగ తెగి రోడ్డు మీద పడిన రాత్రి ఫోనెత్తి ఆగకుండా "మూడో ఫీడరు ఆపండి, మూడో ఫీడరు ఆపండి" అని అరిచేవారు. అవతల ఎవరున్నారో కూడా చూసుకోకుండా.

ఆ "ఉన్నాను" అన్న మాటను తక్కువగా చూడకు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యంలో, కెనడాలో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో ఒక కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ దాదాపు రెండు గంటల ముందే మూగబోయింది. అలారం మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

మన దగ్గరా ఒక రాత్రి ఉంది. 2020 ఏప్రిల్ 5న తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్క వేశారు. 31 వేలకు పైగా తగ్గింది. అంచనా అంత తప్పినా గ్రిడ్డు నిలిచింది, ఎందుకంటే అంచనాను నమ్ముకుని కూర్చోలేదు. జలవిద్యుత్ యంత్రాలను సిద్ధంగా పెట్టి, లయను చూస్తూ దించారు, ఎక్కించారు. లయ 49.70కీ 50.26కీ మధ్యే ఆడింది. తొట్టి మట్టం చూసి ముక్క అడిగే ప్లేయరుకూ వీళ్లకూ నాకు తేడా కనపడదు.

ఇప్పుడు నువ్వు చేయగలిగింది. వీడియో పరిశోధనలో ఎంతోమంది వాడిన మొబైల్ వేగాల రికార్డులు నార్వేలోని ఓస్లో నగరంలో బస్సుల్లో, ట్రాముల్లో, ఓడల్లో తీసినవి. మంచివే. కానీ మన ఊరు అలా ఉండదు. నువ్వు కెంగేరిలో ఉన్నావు, పర్పుల్ లైను మీ గుమ్మం ముందే. కాడుగోడి దాకా వెళ్లు. ఫోనులో సెకనుకొకసారి వేగం, ఆలస్యం, ఏ టవరు అన్నది రాసుకునే చిన్న ప్రోగ్రాం పెట్టు. పొద్దున తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఒక నెల రోజులు. సిటీ రైల్వే స్టేషను నుంచి కబ్బన్ పార్కు దాకా రైలు నేల కింద పోతుంది, ఎం.జీ. రోడ్డు దగ్గర మళ్లీ వెలుగులోకి వస్తుంది. ఆ మార్పుల దగ్గర ఏమవుతుందో ముఖ్యంగా చూడు.

ఆ రికార్డును ల్యాబులో లైనక్స్ మీద, లైను ఆలస్యాల్ని అనుకరించే నెట్ఎమ్‌తో మళ్లీ ఆడించు. ముందు దాని మీద వీడియో నడిపి చూడు. తర్వాత అదే రికార్డు మీద మీటరు రీడింగుల్ని, ఆన్ ఆదేశాల్ని, సెకనుకు 25 కొలతల్ని నడుపు. దారి ఒకటే ఉన్నప్పుడు ఎవరికి ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు అన్నది నీ థీసిస్‌లో సగం. సగటులు వేయకు. నూటికి అతి చెడ్డ ఒక్క సెకను ఎలా ఉందో దానికొక అధ్యాయం రాయి.

మొదటి వారం ఫైలు నాకు పంపితే చూస్తాను. భూగర్భంలో కొన్ని సెకన్లు ఏమీ రాకపోతే, ఆ చోట సున్నా నింపకు, ముందు అంకెనూ వెనక అంకెనూ కలిపి ఊహించకు. గీత పెట్టి పంపు.